నాల్గు గంటల తొవ్వ

“అమ్మమ్మా, దుబాయ్ నాల్గు గంటలేనే! ఇమానం ఎక్కి ఓ కునుకు తీస్తే దిగుడే. గింతదానికి ఏడుస్తవా?”

ఏడుస్తలేనే, కండ్లల్ల నీళ్లు అవే వస్తున్నయ్. నాల్గు గంటలంటివి సూడు, గా మాట మల్ల అనకు. మా తమ్ముడు నర్సయ్య, నువ్వు పుట్టకముందే పాయె, వాడు గూడ గిదే మాటన్నడు. మగ్గం మీద పొట్ట గడుస్తలేదని దుబాయ్ బయలెల్లిండు. మా అవ్వ వద్దన్నది, తిండి బంజేసి కూసున్నది. వాడు అవ్వ పక్కన కూలవడి, “గీ హుస్నాబాద్ల బస్సెక్కితే పట్నం ఎన్ని గంటలే అవ్వా? నాల్గు. దుబాయ్ గూడ గంతే. ఆపతొస్తే పొద్దుగూకేవరకు నీ ముంగటుంట” అన్నడు. అప్పుడు బస్సు గట్లనే ఉండె, సిద్దిపేట్ల ఆగుడు, చాయ్ తాగుడు... టికెట్ ఇరవయ్యో ముప్పయ్యో, యాదికొస్తలేదు తీయ్. అవ్వ నమ్మింది. బడి మొకం సూడనిది, దానికి దూరమంటే గంటలే గదా.

ఏం జెప్తున్న? ఆఁ. కొన్నేండ్లకు ఒకనాడు పొద్దుగాల ఫోనొచ్చింది. మాకేడిది ఫోను, పక్కింటి మరియమ్మ వాళ్లకుండె, గా చర్చికి పోయెటోళ్లు. నర్సయ్య నిద్రల్నే పోయిండట. గుండె ఆగిందట.

అవ్వ ఏం జేసిందో ఎర్కేనా? లేసి మండే పొయ్యిల నీళ్లు పోసింది. మనోళ్లల్ల శవం ఎల్లేదాక ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు గదా, అందుకు. వాకిలి ఊడ్చి సాప పరిచింది. “నాల్గు గంటలే గదనే, పొద్దుగూకేవరకు వస్తడు” అన్నది నాతోని.

ఎక్కడొస్తడే! నాల్గు గంటలు బతికున్నోనికి. సచ్చినోనికి గా కాయితం, గీ కాయితం, పోలీసోళ్లు, దవఖానోళ్లు, వాడు పనిజేసిన కాడి సేటు సంతకం పెడ్తలేడని ఓ లొల్లి. మీ తాత పట్నం తిరిగి తిరిగి పరేషాన్ అయిండు. నెల దాటింది.

అవ్వ పొయ్యి ముట్టియ్యనియ్యలే. “నా కొడుకు తొవ్వల ఉండంగ ఇంట్ల పొగ లేస్తదా?” అని మీది మీదికొచ్చేది. మొదట్ల వాడంత అన్నం తెచ్చిండ్రు. ఎన్నొద్దులని తెస్తరు? వాళ్లను అనుడు గాదు, వాళ్లకు మాత్రం ఏమున్నది? ఒక్కొక్కలు బంజేసిండ్రు. మరియమ్మ ఒక్కతే ఆఖరుదాక తెచ్చింది, గట్కో, చారో. దాని కడుపు సల్లగుండ. అవ్వ రెండు ముద్దలు తిని పక్కకు వెట్టేది. పుల్ల లెక్క అయింది.

వచ్చిండు. పెట్టెల వచ్చిండు. ఇమానంల అందరు మీద కూసుంటే, వాన్ని కింద సామాన్ల ఏసి తెచ్చిండ్రట. మూత తెరవద్దన్నరు. అవ్వ పెట్టెను తడిమి తడిమి, “గిన్నొద్దులు ఏడ తిరిగిండే వీడు?” అని మమ్ములనడిగింది.

కాలవెట్టొచ్చినంక నేనే పొయ్యి ముట్టిచ్చిన. బూడిద గడ్డ కట్టిపోయింది, ఎంత ఊదినా మండదు. పొగ లేసింది. గా పొగను సూసి అవ్వ ఏడ్సింది. అప్పటిదాక ఏడ్వలే అది.

ఆఁ, సాలు తీయ్. నువ్వు నర్సు సదువు సదివినవ్, నీ కొలువు నీకున్నది, నేను ఆపుతలేను. అన్నం ఉడికింది, ముందుగాల తిను. ఇటు రా, నెత్తి మీద చెయ్యి వెట్టనీ. సల్లగ బతుకు. సీట్ల కూసోని పోతున్నవ్... సీట్ల కూసోనే రా బిడ్డా.