బిళ్ళ తిప్పింది నేను

తేదీ 07-06-2024, శుక్రవారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. కొత్తపేట, మేజిస్ట్రేట్ గారి గది.

నా పేరు కొప్పిశెట్టి అమ్మాజీ. వయస్సు 46 సంవత్సరాలు. భర్త భాస్కరం కాలం చేసి ఆరేళ్ళయింది. కాపురం రావులపాలెం. హైవే పక్కన ఉన్న గౌతమీ విహార్ అనే వినోదాల పార్కులో వేషాల గదికి ఇన్‌ఛార్జిని. అంతకుముందు తణుకులో పదిహేనేళ్ళు జాకెట్లు కుట్టాను.

నేను ఏమీ చెప్పాల్సిన పని లేదనీ, చెబితే అది నా మీదకే రావచ్చనీ మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని గంట టైమిచ్చారు. ఆ గంటసేపూ బయట బల్ల మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ భయపెట్టలేదు, ఆశ పెట్టలేదు.

మా పార్కులో పనిచేసే సత్తియ్య మే 30వ తేదీన చనిపోయాడు. అతన్ని కావాలనే పైన ఉంచి గడియ వేశాడని మా కాపలాదారు అబ్బులు గారి మీద కేసు పెట్టి సబ్ జైల్లో ఉంచారు. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి చెప్పడం నాకు రాదు. అబ్బులు గారు జైల్లో ఉండడానికి కారణం నేను. 31వ తేదీన పోలీసులకు నేను చెప్పినదాంట్లో అబద్ధం ఉంది.

ముందు పార్కు సంగతి చెప్పాలి. వచ్చినవాళ్ళకు కొండ, కాలువ, పడవలు, పులస చేప వేషం, తోలుబొమ్మల దర్బారు కనిపిస్తాయి. మేము కనిపించం. మా కోసం కింద ఒక దారి ఉంది. కాగితాల మీద దాని పేరు సర్వీస్ కారిడార్. మేము తూము అంటాం. మా నేలలో ఐదడుగులు తవ్వితే నీళ్ళూరతాయి కాబట్టి దాన్ని తవ్వలేదు. నేల మీదే కట్టి, దాని మీద మట్టి పోసి, ఆ మట్టి మీద పార్కు కట్టారు. పైన నడిచేవాళ్ళు నేల మీద నడుస్తున్నామనుకుంటారు. వాళ్ళు నడిచేది మా కప్పు మీద.

తూము పొడవు మూడు వందల ఎనభై మీటర్లు. చెత్త బళ్ళు, వంట సరుకులు, ఉతికిన బట్టలు, వేషాలు వేసే మనుషులు, అన్నీ అందులోంచే వెళ్తాయి. పైకి వెళ్ళడానికి ఆరు చోట్ల మెట్లున్నాయి. నాలుగో మెట్లు ఎక్కితే సిమెంటు కొండ లోపల చిన్న గదిలోకి వస్తాం. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి జనంలోకి. అది బయట నుంచి తోస్తే తెరుచుకుంటుంది, లోపల నుంచి గుండ్రటి పిడి తిప్పాలి. రెండోది మెట్ల వైపు. దానికి గడియ మా వైపు ఉంటుంది.

వేషం వేసినవాళ్ళకు నియమాలున్నాయి. జనంలో నోరు విప్పకూడదు. తలకాయ తీయకూడదు. ఒకే వేషం ఒకేసారి ఇద్దరు వేసుకుని కనిపించకూడదు. పోయిన సంవత్సరం ఒకతను ఎండకు తట్టుకోలేక జనం మధ్యలో పులస తలకాయ తీసేశాడు. చిన్నపిల్ల ఒకతి జడుసుకుంది, వాళ్ళ నాన్న ఫోనులో వీడియో పెట్టాడు. అప్పటి నుంచి తలకాయను వెనక వైపు ఏడు కొక్కేలతో బిగించమని మేనేజరు మణిశంకర్ గారు ఆర్డరు వేశారు. ఆ కొక్కేలు కుట్టింది నేనే. వేసుకున్న మనిషి తనంతట తాను తీసుకోలేడు. ఇంకొకరు తీయాలి. చేతులకు రెక్కల తొడుగులుంటాయి. వాటితో గ్లాసు కూడా పట్టుకోలేరు, పిడి ఏం తిప్పుతారు.

నా గది బయట ఒక చెక్క బోర్డు ఉంది. ఒక్కొక్కరి పేరుకు ఒక ఇత్తడి బిళ్ళ, రెండేసి మేకులు. పై మేకుకు బిళ్ళ ఉంటే మనిషి పైన ఉన్నట్టు. కింది మేకుకు ఉంటే దిగినట్టు. మనిషి దిగి వేషం నా చేతికిచ్చాక నేనే బిళ్ళ కిందికి తిప్పాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. అబ్బులు గారు అరగంటకోసారి వచ్చి బోర్డు చూసి రిజిస్టరులో రాసుకుంటారు. పడవల ఆట మొదలయ్యేముందు కొండ దగ్గర జనం పోగవుతారు. వాళ్ళు తోసుకుని మా మెట్ల మీదకు రాకుండా, అందరూ దిగారని బోర్డులో చూసి, నాలుగో మెట్ల తలుపు గడియ వేయడం ఆయన పని.

వేషం చేతికి వచ్చాకే బిళ్ళ తిప్పాలన్నది రూలు. మేము ఆ రూలు పాటించేవాళ్ళం కాదు. వేసవిలో దిగినవాళ్ళు చెమటతో కళ్ళు తిరిగి ఉంటారు, వాళ్ళను నా దగ్గర వరసలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. వేషం బల్ల మీద పడేసి స్నానానికి పొమ్మనేదాన్ని. బల్ల మీద వేషం కనిపిస్తే బిళ్ళ తిప్పేదాన్ని. మూడేళ్ళుగా అలాగే చేశాను. నా మంచితనం అని నేనే అనుకునేదాన్ని.

పులస వేషాలు రెండు. మెడ పట్టీ లోపల ఒకటి, రెండు అని నెంబర్లు కుట్టాను. బయటికి రెండూ ఒకటే.

మే 30 గురువారం. రోహిణి కార్తె. మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు సత్తియ్యకు ఒకటో నెంబరు తొడిగాను. కొక్కేలు పెడుతుంటే, "అక్కా, మెడ దగ్గర కొంచెం వదులుగా పెట్టవే, దురదెడుతుంది" అన్నాడు. "నీకు మెడుందేంట్రా, చేపవి" అన్నాను. నవ్వాడు. లోపల నుంచి నవ్వితే డబ్బాలో నవ్వినట్టుంటుంది. నేను కొక్కేలు వదులుగా పెట్టలేదు. 2 గంటలకు నాలుగో మెట్లు ఎక్కాడు. వేసవిలో నలభై నిమిషాలకు మించి పైన ఉంచం.

రెండో నెంబరు వేషం ఉతికి పెరట్లో ఆరేసి ఉంది. ఆరిన వేషాలను మా బట్టలుతికే ముసలయ్య రోజూ సాయంత్రం నాలుగింటికి తెస్తాడు. ఆ రోజు దుమ్ముగాలి లేచిందని 2 గంటల 35 నిమిషాలకే సగం ఆరినదాన్ని తెచ్చి బల్ల మీద వేసి వెళ్ళిపోయాడు. అతని తప్పు ఏమీ లేదు. నేను లోపల గదిలో అన్నం తింటున్నాను. మామిడికాయ పప్పు. ఆ రోజు ఆలస్యమైంది, ఆకలి మీద ఉన్నాను.

2 గంటల 42 నిమిషాలకు చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాను. నా గది గడియారం రెండు నిమిషాలు ముందుంటుంది, అది తీసేసి చెబుతున్నాను. బల్ల మీద పులస వేషం ఉంది. చేత్తో తాకాను. తడిగా ఉంది. చెమట అనుకున్నాను. సబ్బు వాసన వచ్చింది. చెమట పట్టిన వేషానికి సబ్బు వాసన రాదు. ఇరవై ఏళ్ళుగా బట్టలతో బతుకుతున్నదాన్ని, నాకు తెలియదా. మెడ పట్టీ తిప్పి చూస్తే ఒక్క నిమిషం పని. చూడలేదు. సత్తియ్య బిళ్ళ కింది మేకుకు తిప్పాను.

2 గంటల 45 నిమిషాలకు అబ్బులు గారు వచ్చి బోర్డు చూశారు. "సత్తిగాడు దిగాడా అమ్మాయ్?" అని అడిగారు. "ఆయ్, దిగాడు బాబాయ్, స్నానానికి పోయుంటాడు" అన్నాను. ఆయన రాసుకున్నారు. 2 గంటల 50 నిమిషాలకు నాలుగో తలుపు గడియ వేశారు.

కొండ బయట ఉన్న కెమెరాలో సత్తియ్య 2 గంటల 53 నిమిషాలకు ఆ గదిలోకి వెళ్ళినట్టుంది. ఎవరో పెళ్ళివారు ఫొటోల కోసం ఆపారట, అందుకు ఆలస్యమైంది. బయటికి రాలేదు. తలుపు కొట్టే ఉంటాడు. రెక్కల తొడుగులో దూది ఉంటుంది, కొట్టినా చప్పుడు రాదు. తూములో పంపులు, పెద్ద ఫ్యానులు ఆడుతుంటాయి. పైన పడవల పాట మొదలైంది. ఆ పాట మాకు కింద కూడా వినబడుతుంది. ఆ రోజు నేను దానికి కాలు ఊపుతూ కిరీటానికి అద్దాలు కుట్టాను.

3 గంటల 38 నిమిషాలకు వేషం మడతపెడుతుంటే మెడ పట్టీ తిరగబడింది. రెండు అని ఉంది.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. నాకు వెంటనే అర్థమైంది. లేచాను. బోర్డు దగ్గరికి వెళ్ళాను. సత్తియ్య బిళ్ళ మళ్ళీ పై మేకుకు తిప్పాను. ఆ తర్వాత పరిగెత్తాను. ముందు బిళ్ళ తిప్పాను, తర్వాత పరిగెత్తాను. ఆ వరసలోనే జరిగింది. ఎవరూ చూడలేదు.

3 గంటల 40 నిమిషాలకు గడియ తీశాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చేప తలకాయ నవ్వుతూనే ఉంది, అది నవ్వుతూ ఉండేలాగే చేశారు. ఐదు కొక్కేలు చేత్తో తీశాను. రెండు రాలేదు, కత్తెరతో కోశాను. ఊపిరి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అబ్బులు గారు వచ్చి నెత్తిన నీళ్ళు పోశారు. "ఒరేయ్ సత్తిగా, ఒరేయ్ నాన్నా, కళ్ళు తెరవరా" అంటూనే ఉన్నారు. జనంలోకి అంబులెన్సు వద్దు, కిందనుంచే తీసుకురండి అని మణిశంకర్ గారు ఫోనులో చెప్పారు. బట్టల బండి మీద పడుకోబెట్టి తూము చివరి దాకా తోసుకుంటూ వెళ్ళాం. తోసింది అబ్బులు గారు. ఆయనకు అరవై రెండేళ్ళు. వెనక గేటు దగ్గరికి 4 గంటల 2 నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. సాయంత్రం 6 గంటల 10 నిమిషాలకు రాజమండ్రి ఆసుపత్రిలో సత్తియ్య పోయాడు. వయస్సు 34.

మర్నాడు పోలీసులు వచ్చి బోర్డు చూస్తే బిళ్ళ పైనే ఉంది. రిజిస్టరులో 2.45కి దిగాడని అబ్బులు గారి చేతిరాత ఉంది. ఏంటిది అని నన్ను అడిగారు. బిళ్ళ నేను ముట్టుకోలేదు, పైనే ఉంది అని చెప్పాను. పక్కనే ఉన్న అబ్బులు గారు నా ముఖం వంక చూశారు.

అంతకు వారం ముందు ఫ్యాను గురించి వాళ్ళిద్దరికీ మాటామాటా వచ్చింది. అబ్బులు గారి కుర్చీ దగ్గర ఫ్యాను సత్తియ్య తీసుకుపోయాడు. "ఇంకోసారి నా ఫేను ముట్టుకున్నావంటే నిన్ను పైనే ఉంచి గడేసేస్తానొరేయ్" అని ఆయన తూము అంతా వినబడేలా అరిచారు. అది అందరూ విన్నారు, అందరూ పోలీసులకు చెప్పారు. మర్నాడు ఇద్దరూ ఒకే కవరులోంచి రసాల మామిడిపళ్ళు తిన్నారు. అదీ అందరూ చూశారు. అది ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ కోపంతోనే తప్పు రాసి గడియ వేశాడని కేసయింది. జూన్ 1న తీసుకెళ్ళారు.

జూన్ 3 సోమవారం అబ్బులు గారిని ఈ కోర్టుకే తెచ్చారు. సాక్షినని నన్నూ రమ్మన్నారు. వరండాలో కానిస్టేబులు పక్కన నిలబడి ఆయన నన్ను అడిగారు. "అమ్మాయ్, ఆ రోజు బిళ్ళ కింది మేకుకే ఉంది కదా? నాకలాగే ఆనింది. నువ్వు దిగాడన్నట్టు కూడా గుర్తు. శుక్లాలు కదా, చెవి కూడా సరిగా లేదు. నేనే తప్పు చూశానేమో, తప్పు విన్నానేమో." నేను నేల చూశాను.

జూన్ 5న సత్తియ్య భార్య చిన్నమ్మాయి మా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "వదినా, నిజం చెప్పు. మా పెళ్ళికి అబ్బులు బాబాయే దగ్గరుండి పందిరేశాడు. ఆయనెందుకు గడేస్తాడు? బిళ్ళ పైనే ఉందా?" అని అడిగింది. పైనే ఉంది అన్నాను. "అయితే ఆయనేలే" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను అన్నం తిన్న పాపాన పోలేదు.

నిన్న అబ్బులు గారి లాయరు పార్కుకు వచ్చాడు. ముసలాయన నేరం ఒప్పుకుంటానంటున్నాడు, కళ్ళు కనిపించక తప్పు చేశాను, ఒక ప్రాణం పోయింది అని ఏడుస్తున్నాడు అని చెప్పాడు. ఆయన కళ్ళు సరిగానే చూశాయి. చెవులు సరిగానే విన్నాయి. ఆయన చూసింది నా బోర్డు, విన్నది నా మాట. ఈ రోజు ఉదయం 8 గంటల బస్సుకు బయల్దేరి వచ్చాను. నేను అడిగేది ఒకటే. నాకు ఏ శిక్ష వేసినా సరే, ఆయన కళ్ళు బాగానే ఉన్నాయని ఆయనకు ఎవరైనా ఈ రోజే చెప్పాలి.

రాసినదంతా గుమాస్తా గారు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది. ఒక్క చోట దిద్దించాను. పొరపాటున బిళ్ళ రెండుసార్లు తిప్పితిని అని రాశారు. మొదటిసారి తిప్పింది పొరపాటు. రెండోసారి తిప్పింది పొరపాటు కాదు. నా ముందే ఆ మాట కొట్టేయించి, కొట్టేసిన చోట కూడా సంతకం పెట్టాను.

(సం.) కొప్పిశెట్టి అమ్మాజీ