బుచ్చవ్వకు ఎక్కించబోయిన రక్తం

ఈ సభకు పెద్దగా కూర్చున్న మా సూపరింటెండెంట్ డాక్టర్ చలపతిరావు గారికి, పనులు మానుకుని వచ్చిన కౌన్సిలర్ నరసింహ గారికి, నాతో డ్యూటీలు పంచుకున్న సిస్టర్లకు, ఆయమ్మలకు, తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రోగుల బంధువులకు నమస్కారాలు. గాలయ్యా, వాళ్లకు కుర్చీలు వెయ్యి. మైకు దొరికితే నేను తొందరగా వదలనని నీకు తెలుసు. (నవ్వులు)

ఇందాక నరసింహ గారు నా గురించి చెబుతూ, ముప్పై రెండేళ్లలో శోభారాణి సిస్టర్ చేతిలో ఒక్క పొరపాటు జరగలేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. చలపతిరావు గారు మాత్రం తల వంచుకున్నారు. ఆయనకు తెలుసు. మీకు చెప్పకుండా ఈ శాలువా కప్పుకుని ఇంటికి పోవడం నా వల్ల కాదు.

నలభై రోజుల కింద, మధ్యాహ్నం రెండింటికి, డ్యూటీ మారే వేళ. ఆడవాళ్ల వార్డులో ఆరో బెడ్ మీది బుచ్చమ్మకు రక్తం ఎక్కించాలి. పొద్దున ఆ బెడ్ పైన ఫ్యాన్ ఆగిపోతే, ఆయాసపడుతున్న ఆమెను తొమ్మిదో బెడ్‌కు మార్చి, అక్కడున్న శామీర్‌పేట బుచ్చవ్వను ఆరుకు తెచ్చారు. ఆ సంగతి నాకు తెలియదు. బుచ్చవ్వ చెరువు చేపలమ్ముకునే మనిషి, కాలి పుండుకు చేరింది. నేను రక్తం సంచి తగిలించి, "బుచ్చమ్మవేనా?" అని అడిగాను. "ఆఁ" అంది. ఇక చాలనుకుని, ఆమె చేతికున్న గొట్టానికి రక్తం కలపబోయాను.

అప్పుడు మన ఇషిత, చేరి ఏడాది కూడా కాని అల్వాల్ పిల్ల, వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"మేడం, ఒక్క నిమిషం. పేరు అవ్వనే చెప్పనియ్యండి. అవ్వా, నీ పేరేంది?"

"బుచ్చవ్వ."

"మరి మేడం బుచ్చమ్మ అంటే ఆఁ అన్నవ్?"

"గంత పెద్ద సిస్టరమ్మ చెప్తాంటే, నేను కాదంటనా బిడ్డా?"

ఆ మాట విన్నాక గొట్టం వదిలేసి సంచి మీది చీటీ చదివాను. సంచిలో ఉన్నది బి పాజిటివ్ రక్తం. బుచ్చవ్వది ఓ పాజిటివ్. నా వేలు రక్తాన్ని వదిలే ఆ గొట్టం మీది చక్రాన్ని ఒక్కసారి తిప్పి ఉంటే ఆమె ప్రాణం పోయి ఉండేది. అప్పటిదాకా ప్రతి మంచం దగ్గరా పేరడిగి ఆలస్యం చేస్తోందని ఇదే ఇషితను నేను అందరి ముందూ కసిరేదాన్ని. ఇద్దరు సిస్టర్లు రోగి పక్కన నిలబడి సరిచూడాలన్న నియమాన్ని ఎంతమందికో నేర్పి, ఆ రోజు బల్ల దగ్గరే సంతకం చేసేసి వెళ్లింది కూడా నేనే.

సాయంత్రం నేను, "ఈ సంగతి రిజిస్టర్‌లో రాసినవా?" అని అడిగితే ఇషిత తల అడ్డంగా ఊపింది. "మీరు ఇంకో నలభై రోజులల్ల రిటైర్ అయితున్నరు మేడం. నేను రాయ." నేనే రాసి సూపరింటెండెంట్ గారి చేతికిచ్చాను. తర్వాత బుచ్చవ్వ మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. క్షమిస్తుందనుకున్నాను, నిజం చెప్పాలంటే ఆ ఆశతోనే వెళ్లాను. ఆమె, "ఇగ నువ్వు నాకు సూది ఎయ్యకు. గా పిల్లను తోలు," అంది.

కోపంతో కాదు, చేపల బేరంలో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమె ఇంటికి వెళ్లిన రోజు వరకు నేను ఆమె చెయ్యి ముట్టుకోలేదు.

నిన్న ఇషితను అడిగాను, "నా చెయ్యి పట్టుకునేటప్పుడు భయం కాలేదా?" అని.

"మస్తు భయమైంది మేడం. మీరు తిడితే స్టోర్ రూమ్‌లకు పోయి ఏడుద్దామనుకున్న."

చిన్న సిస్టర్లూ, మీకు చెప్పేది ఇంతే: తర్వాత ఏడిస్తే ఏడవండి గానీ, ముందు చెయ్యి పట్టుకోండి. పెద్ద సిస్టర్లూ, పట్టుకున్న చేతిని విదిలించకండి.

నన్ను ఇంతకాలం భరించిన ఈ దవాఖానకు, నన్ను నమ్మి చెయ్యి అందించిన రోగులందరికీ నా దండాలు. సెలవు.