దానయ్య రాయి మీద పచ్చపూలు

సూరాడోరి ఎర్రమ్మనుంది గదా, రేవుకాడ ఎండుసేపలమ్మీది. దాని మొగుడు దానయ్య ఓడ మీద కళాసీ. ఏడాదికోపాలి వచ్చీవోడు, నెల్లాళ్లుండి మళ్లీ ఎలిపోయీవోడు. ఓపాలి ఎలిపోయినోడు మరి రానేదంట. ఇంగిలీసోల సీమలో వేల్సు అని ఓ మూలున్నాదట, అక్కడి సముద్రంలో ఓడ మునిగిపోనాదని కంపినీవోలు కాయితమంపినారు. శవం జాడ తెలీదన్నారు. మనూరి నోళ్లూరుకుంటాయేటి? "ఓడోలికి రేవుకో పెళ్లాం. సచ్చినాడో, ఎవత్తినో కట్టుకున్నాడో" అనీసినారు. ఆ మాట ఎర్రమ్మ సెవిలో ముప్పయ్యేళ్లుండిపోనాదనుకో. ఒక్కర్తే వండుకోడం, ఒక్కర్తే తినడం, గోడకేసి తిరిగి తొంగోడం.

ఏమైందంటే, ఎర్రమ్మ అప్పకూతురు ఝాన్సీ నర్సుద్యోగానికి ఆ దేశమే ఎల్లినాది. అక్కడాస్పత్రిలో ఓ ముసిలాయన, "మా ఊరి సమాధుల్లో మీ దేశపోడి రాయొకటున్నాదమ్మా" అన్నాడంట. ఎల్లి సూస్తే, సూరాడ దానయ్య అని సెక్కి ఉన్నాది! జేబులో కాయితముంటే పేరు దొరికిందట గానీ, ఏ ఊరోడో తెలీనేదట. ఇంకేటి, పిన్నిని రప్పించీసినాది. ఎర్రమ్మ మూటలో నెత్తళ్ల ఎండుసేపలు కట్టుకున్నాది, మావకిష్టమని. మరి ఆ ఊళ్లో ఏటున్నాదంటారు? కొండ మీద గొర్రెలు, గొర్రెల సుట్టూ రాతిగోడలు, కింద సముద్రం. సముద్రమంటే మనలాటిదనుకునేరు, కాదు. ఆటుకి నీరు తీసినప్పుడు మైలు దూరం ఎనక్కెలిపోద్దంట, బురదే బురద. బస్సు దిగి అరగంట నడిస్తే ఒక్క మనిషి ఎదురవనేదు. గాలి, సినుకులు, అంతే. "ఇక్కడెలాగున్నాడే మా మావ" అని కుమిలిపోనాది ఎర్రమ్మ.

సమాధుల దొడ్లోకెల్తే ఏటి సూసిందంటే, ఓ తెల్లముసిల్ది మోకాళ్లమీద కూకుని దానయ్య రాయిని బ్రష్షెట్టి తోముతన్నాది. తోమి, నీళ్లోసి, పసుపు పచ్చపూలెడతన్నాది. ఓలమ్మో! పెళ్లాం కాకపోతే మగోడి రాయి తోమే కర్మ ఎవత్తికి, మీరే సెప్పండి? ఎర్రమ్మకి ఒళ్లు మండిపోనాది. ముప్పయ్యేళ్లు నానక్కడ ఒక్కర్తినీ గంజి తాగితే, ఆడికిక్కడ కాపరమేటి అని మూట ఇసిరికొట్టి, "ఒలే, ఎవత్తివే నువ్వు, మా మావకేటవుతావే!" అని మీదికెల్లిపోనాది. "ఉండు పిన్నీ, అడగనీ" అని ఝాన్సీ రెక్కట్టుకుని ఆపి, ఆవిడనడిగినాది. ఆవిడ పేరు గ్వెన్నో ఏటోనంట. ఆవిడ సెప్పిందేటంటే, ఈస్టరు పండక్కి ముందొచ్చే ఆదివారం ఊరంతా సమాధులు కడిగి పూలెడతారంట. ఆ రోజు ఏ రాయీ బోసిగా ఉండకూడదంట. అయినోలున్నోలికి అయినోలెడతారు, ఎవులూ నేనోలిని ఇంటికొకరిని పంచుకుంటారు. దానయ్య ఆవిడ వంతుకొచ్చినాడు, అంతే. "ఆయన మొకం నాను సూడనేదమ్మా. ఊపిరిలేని మనిషినే కెరటం ఒడ్డునేసినాదంట. ఇన్నేళ్లలో ఆయన కోసం వచ్చినోలు మీరే" అన్నాదంట.

మొగుడు తప్పు సేయనేదని తెలిస్తే ఆడది కుదుటపడాలా, వద్దా? ఎర్రమ్మ కుదుటపడినాది. కుదుటపడి, ఆ తడిరాయి పక్కన కూలబడి, సెదిరిపోయిన నెత్తళ్లు ఒక్కోటీ ఏరి పూలపక్కనెడతా, అప్పుడేడిసినాది, ముప్పయ్యేళ్ల ఏడుపూ. "ఓ మావా, నీకూ ఎవులూ నేరేటి! ఎవత్తినైనా కట్టుకుని బతికున్నా బాగుండీది గదరా ఎదవా" అని. గ్వెన్నమ్మకి ముక్క అర్థం కానేదు గానీ, లెగిసి ఎలిపోనేదంట, పక్కనే కూకున్నాదంట.

తిరిగొచ్చినాక సూస్తన్నారు గదా. మన రేవు ఇసకలో, ఎప్పుడో కొట్టుకొచ్చిన పరాయోడి గొయ్యొకటుంటే, దాని మీద ఏడాదికోపాలి బంతిపూలెడతన్నాది ఎర్రమ్మ. ఆడు దీనికేటవుతాడోనని మళ్లీ గుసగుసలు మొదలెట్టినారు. ఈపాలి నాను అననేదు. ముప్పయ్యేళ్ల కిందట "రేవుకో పెళ్లాం" అని మొదట కూసిన నోరు ఇదే. ఆ సంగతి ఎర్రమ్మకింకా సెప్పుకోనేదు.