మొగిలా, మొగులా

"అమ్మమ్మా, గీ సెంటు జర వాసన సూడు. రేపు మేం సముద్రం కాడికి పోతున్నం గదా, అందుకే కొన్న. అరె, నీ మొకం గట్ల మారిందేంది?"

మూత పెట్టు బిడ్డా, ముందు మూత పెట్టు. బాగలేక కాదే. బాగనే ఉంది, గదే నా బాధ. సీసా మీద ఏం రాసిండ్రో నాకెర్కలేదు గని, ఇది మొగిలిపువ్వు. ఈ వాసన తగిల్తె ఇప్పటికి గూడ నాకు కాళ్లు నిలవయ్. మూట యాడుంది, పోవాలె, జల్ది పోవాలె అని గుండె కొట్టుకుంటది. నవ్వకు. కూసో, చెప్త.

నైజాం జమానా ఆఖర్ల ముచ్చట. నాకు ఏడేండ్లో ఎనిమిదో, ఎవలు రాసిపెట్టిండ్రు? మాది ఆత్మకూరు దిక్కు, సూర్యాపేటకు నడిసి పోయేటోళ్లం. గొర్ల మంద ఉండేది. మా నాయిన ఎండకాలం గొంగళ్లు బండికేసుకొని కోదాడ దాటి బందరు దాక పోయేటోడు. ఎండకాలం గొంగళ్లేందంటవా? వానలు వడకముందే కొనుక్కుంటరు గద, నాట్లల్ల కప్పుకోనికె. వచ్చేటప్పుడు ఉప్పు, ఎండు శాపలు తెచ్చేటోడు. అప్పట్ల గొంగడి ఎంతకు పోయేదంటే... ఎంతకో, యాదికి లేదు, ఇడ్సిపెట్టు.

ఒక ఎండకాలం నేను ఏడుస్తుంటే నన్ను గూడ బండెక్కించుకున్నడు. సముద్రం సూసి, "ఇది ఎవరి చెర్వు నాయినా?" అన్న. ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ ఇనవడ్తది నాకు. ఇసుకల కాళ్లు కాలినయ్, నీళ్లల్ల దిగితే సల్లగ. ఆ ఒడ్డుకే మొగిలి పొదలు. "దగ్గరికి పోకు బిడ్డా, మొగిలికి ముండ్లుంటయ్, పాములుంటయ్" అనుకుంట కత్తితోని ఒక పువ్వు కోసిచ్చిండు. ఇంతపొడుగు, తెల్లగ, కంకి లెక్క. మా దిక్కు ఆ పువ్వు యాడ దొరుకుతది? తొవ్వంత తల కింద పెట్టుకొనే పన్న. అమ్మకు సూపిద్దామంటే ఇంటికొచ్చే వరకు ఎండి సొప్పయింది, వాసన పోయింది.

మరుసటేడు అంత ఖరాబైంది. నైజాం తరపు తుపాకులోళ్లు ఊర్ల మీద పడ్డరు గద. మందల సగం గొర్లు తోలమన్నరు. మా నాయిన కోపపు మనిషి, తోలనన్నడు, కట్టె ఎత్తిండు. ఇగ ఉంటె సంపుతరని హద్దు వాగు దాటి ఆంధ్ర దిక్కు పోయిండు. ఇంట్ల మేం ముగ్గురమే. అమ్మ, నేను, నాయిన తల్లి మా నాయినమ్మ.

కొన్నొద్దులకు కోదాడ నుంచి ఉప్పు బండాయన వచ్చిండు. ఆయన మాట జర ఆంధ్ర తీరు ఉండేది. బండి గూడ దిగలే పాపం, భయం. "మొగలి రాగానే బయల్దేరమన్నాడు మీవాడు. వాగు అవతల ఉంటాడంట" అన్నడు, ఎద్దులను అదిలించిండు, పోయిండు. నాయినమ్మ ఏమిన్నది? మొగులు రాంగనే అని ఇన్నది. మనకు మొగులంటే ఏంది? ఆకాశంల మొగులు, వాన మొగులు. గంతే గద!

ఇగ మా అమ్మకు ఆకాశం దిక్కు సూసుడే పని. వంట చేసుకుంట సూస్తది, నీళ్లు తోడుకుంట సూస్తది. యాడిది మొగులు? నిప్పులు చెరిగే ఎండ. ఒకనాడు తుపాకులోళ్లు వచ్చి, కుండలు తన్ని, "మల్ల వచ్చేసరికి ఆడు దొరక్కపోతె నిన్ను తీస్కపోతం" అన్నరు అమ్మను. ఆనాటి నుంచి అమ్మకు బుక్క దిగలే. కుక్క మొరిగితే నన్ను గుంజుకొని దొడ్లకు ఉర్కేది. "అత్తా, పోదాం, మొగులు లేకుంటె మానె" అంటది. నాయినమ్మ ఇనది. "నా కొడుకు ఉట్టిగ చెప్తడా? మొగులొస్తె గడ్డి మొలుస్తది, జీవాలతోని పోవచ్చు. అందుకే అన్నడు" అంటది. నిజమే అనిపిస్తది గదా, నువ్వే చెప్పు?

గప్పుడొచ్చిండు అత్తరు సాయిబు. మిర్యాలగూడ దిక్కు నుంచి పెట్టె సంకకేసుకొని పెండ్లిండ్లకు తిరిగేటోడు. ఆ దినాలల్ల పెండ్లిండ్లెక్కడియి? పక్కింటి అరుగు మీద తుపాకులోళ్లు కూసున్నరు. సాయిబు మా వాకిట్ల నిలవడి, అత్తరు అద్దిన దూది ఉండ నా చేతుల పెట్టి, "చెవుల పెట్టుకో బేటీ" అన్నడు. ఇంకోమాట లేదు, ఎనకకు తిరిగి సూడలే. నాయినమ్మ గయ్యిన లేసింది. "మొగోడు ఇంట్ల లేడు, అత్తరు గావాల్నా నీకు?" అని గుంజుకొని పెంటకుప్ప మీద ఇసిరేసింది.

నాకేమో పానం ఊకోలే. పోయి ఏరుకున్న. పేడ అంటింది దానికి. అయినా ముక్కు కాడ పెట్టుకున్ననో లేదో, సముద్రం! కాలే ఇసుక, నాయిన నవ్వు, అంతా వచ్చింది. లోపలికి ఉర్కి, "అమ్మా, ఇది నాయిన కోసిచ్చిన పువ్వు. మొగిలి" అన్న.

అమ్మ చాట కింద పెట్టింది. "ఏమన్నవే? మల్ల అను."

"మొగిలి."

అమ్మ నాయినమ్మ కాడికి ఉర్కింది. "అత్తా, మొగులు కాదు, మొగిలి! మొగిలి వచ్చిందత్తా, ఆయనే పంపిండు!" అని నోట్ల కొంగు కుక్కుకొని ఏడ్సింది, అరుగు మీదోళ్లకు ఇనవడ్తదని.

తట్ట నెత్తిన పెట్టుకొని పేడకు పోతున్నట్టు ఎల్లినం. నాయినమ్మ రాలే. ఎంత బతిమాలింది అమ్మ! "మూగజీవాలను ఎవలికి ఇడ్సి రావాలె? మొగులు రానియ్, మందతోని నేనే వస్త" అన్నది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "పో బిడ్డా" అన్నది.

సూర్యాపేట, కోదాడ, వాగు. ఎట్ల దాటినమో దేవునికెరుక. నాయిన అవతల ఒడ్డున ఉన్నడు. ఉర్కి వచ్చిండు, నన్ను ఎత్తుకోలే, మా ఎనక తొవ్వ దిక్కు సూసి, "అమ్మేది?" అన్నడు.

ఆ ఏడు వానలు మంచిగనే వడ్డయ్. మొగులైనప్పుడల్లా నాయిన వాగు ఒడ్డుకు పోయి నిలవడేటోడు. ఆమె రాలే. రాజ్యం మారినంక ఇంటికి పోతే దొడ్డి కాలి ఉంది. గొర్లు లెవ్వు, ముసలామె లేదు. ఒకలు ఒక తీరు చెప్పిండ్రు, ఇంకొకలు ఇంకో తీరు. మా నాయిన సచ్చేదాక మొగులైంది అన్న మాట అనలే. వానొచ్చేటట్టుంది అనేటోడు, గంతే.

ఏడ్వకు, పిచ్చిపిల్లా. మంచిగ పో, నీళ్లల్ల ఆడు. దిగంగనే ఫోన్ చెయ్. ఒక్కపారి చెప్పి పెట్టెయ్యకు, నాకు చెవులు మందం. మల్ల చెప్పు, నాతోని గూడ అనిపించుకొని అప్పుడు పెట్టు. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగుండు.

ఆ సీసా జర ఇటియ్యి. ఒక్కపారి... ఊఁ... అదే.

వాకిట్లకు పోయి సూసిరా బిడ్డా. మొగులైందా?