ఈ ముడి విడేదాకా చప్పట్లు వద్దు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, ముందు వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న పెద్దలకు, తోటి థెరపిస్టులకు, పిల్లల వేళ్లకు పని నేర్పే ఈ కేంద్రంలో ముప్ఫై ఏళ్లుగా నా చేత చీవాట్లు తింటూ కూడా ఇవాళ నన్ను సాగనంపడానికి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. సాగనంపడానికే వచ్చారో, ఈవిడ నిజంగా పోతోందో లేదో చూసుకోవడానికి వచ్చారో నాకు తెలీదు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా నన్ను చల్లని తల్లి అన్నారు. ఎవరండీ ఆవిడ? నాకూ పరిచయం చెయ్యండి. నా గదిలోంచి ఏడుస్తూ వెళ్లింది పిల్లలు కాదు, వాళ్ల నాన్నలు.

నేను చెప్పినవేమైనా బ్రహ్మవిద్యలా? తడిగుడ్డ పిండించండి, బఠాణీలు ఒలిపించండి, పిండి ముద్ద పిసకనివ్వండి, బొత్తాలు వాళ్లనే పెట్టుకోనివ్వండి, గోలకి బెంబేలు పడితే దుప్పటి గట్టిగా చుట్టి కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకోండి. చేసిన రోజుకి కాగితం మీద ఒక టిక్కు పెట్టండి. అంతే కదా? మూడో వరసలో తల దించుకున్న ఆ తండ్రిగారు, ఆయనే, ఇసుక తాకితే పిల్ల చేతులు పాడైపోతాయని ఫోనులో ఇసుకాట పెట్టారు. అద్దం మీద వేలితో తోస్తే ఇసుక కదులుతుందట! ఇంకొకావిడ, కొడుకు కుడిచెయ్యి విరిగి కట్టులో ఉన్న పదిహేను రోజులూ వాడు బఠాణీలు ఒలిచినట్టు టిక్కులు పెట్టి తెచ్చారు. ఈ చేత్తోనేనా అమ్మా అని అడిగితే, "మావాడికి పట్టుదల ఎక్కువండీ" అన్నారు. (నవ్వులు)

ఆ కాగితాలు చూడగానే తెలిసిపోతుంది. నెల్లాళ్ల టిక్కులూ ఒకే పెన్ను, ఒకే వాలు. బయట కుర్చీ అంచున కూర్చుని, నేను పిలిచేలోపు పెట్టినవి. వాటిని మీ మొహాన విసిరికొట్టాను. తప్పు చేశానని ఇవాళ కూడా అనను.

కానీ... ఆ మంచినీళ్లు ఇలా ఇవ్వమ్మా.

తలుపు దగ్గర చెవులు మూసుకుని నిలబడిందే, అది నా మనవరాలు. ఇంట్లో పిచ్చుక అంటాం. ఏడేళ్లది. దానికి చప్పుడు పడదు, వేళ్లలో పట్టు లేదు. మీకిచ్చిన కాగితమే దానికీ ఇచ్చాను. కోడలు తెల్లారకుండానే డ్యూటీకి పోతుంది కాబట్టి పొద్దుటి పని నాది. వీధిలో స్కూలు వ్యాను హారన్ కొడుతూ ఉంటుంది, ఇది మొదటి బొత్తాం దగ్గరే నాలుక బయటపెట్టి తంటాలు పడుతూ "నానమ్మా, ఆగు, నేనే పెట్టుకుంటా" అంటుంది, నేను దాని చేతులు పక్కకి తోసేసి చకచకా పెట్టేస్తాను. రెండేళ్లు అదే వరస. పైగా టిక్కులు కూడా పెట్టాను. పోయిన నెల మా చిన్న థెరపిస్టు ఆ కాగితం నా ముందు పెట్టి, "మేడమ్, ఒకే పెన్ను, ఒకే వాలు" అంది. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. కోడలికి ఇంతవరకూ చెప్పలేదు. అమ్మాయ్, ఇప్పుడు చెబుతున్నాను, విను. ఈ హాల్లో అందరికన్నా పెద్ద దొంగని నేనే.

సరే. మీరిచ్చిన ఈ పొట్లం చుట్టూ దారం కట్టి ముడి వేశారు. లోపల గోడగడియారమే అయి ఉంటుంది, మీకు ఇంకేం తోస్తుంది? పిచ్చుకా, ఇలా రా. దీన్ని నువ్వే విప్పాలి. గుమాస్తా గారూ, ఆ కత్తెర జేబులో పెట్టుకోండి. డైరెక్టరు గారూ, మీకు మీటింగుందని తెలుసు, అయినా కూర్చోండి. ముందు వరసవాళ్లు "అలా కాదు, ఇలా లాగు" అనొద్దు. కోడలా, నువ్వూ లేవకు.

(పిచ్చుక వచ్చి చాలాసేపు ముడితో తంటాలు పడుతుంది)

ఆ, గోరు దూరింది... జారిపోయిందా? పోనీలే, మళ్లీ పట్టుకో. ఇవాళ వ్యాను లేదమ్మా. నానమ్మకి రేపట్నుంచి ఉద్యోగం కూడా లేదు. నిదానంగా కానీ.

(ముడి విడింది)

డైరెక్టరు గారూ, ఆ చేతులు దించండి! దానికి చప్పుడు పడదని ఇందాకే చెప్పాను. ఎవరూ ఏమీ చెయ్యకండి, అలా ఊరికే కూర్చుని చూడండి. ముప్ఫై ఏళ్లుగా నేను మిమ్మల్ని అడిగింది ఇదే. నన్ను ఇన్నాళ్లు భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పిచ్చుకా, పద. సెలవు.