మెత్తటి పగడం, గట్టి అనుమానం

సభకు విచ్చేసిన పెద్దలారా, సహోద్యోగులారా, ముందు వరుసలో కూర్చున్న శ్రీమతి ఫ్లోరా హెర్బర్ట్ గారూ,

మన పరిశోధనశాల శాస్త్రవేత్త డాక్టర్ హెర్బర్ట్ గారు గత ఆదివారం గుండెపోటుతో కన్నుమూశారు. వైద్యులు ధ్రువీకరించారు కాబట్టి నమ్ముతున్నాను. ఆయనైతే మరొక్కసారి పరీక్షించమనేవారు.

మందులకు లొంగని బాక్టీరియాను చంపే పదార్థం కోసం సముద్రంలోని మెత్తటి పగడపు జీవుల్లో వెదకడం ఆయన పని. సముద్రం లేని ఊళ్లో ఆ పనేమిటని పాలనాధికారిగా నేను అనుమానించాను. నేనొక్కణ్నేనా? ఆబిడ్స్‌లో ఒక నగల వ్యాపారి ఆయనతో, "మెత్తగున్నదంటే నకిలీదే సార్, మిమ్మల్నెవరో మోసం చేసిన్రు" అన్నాడు. హెర్బర్ట్ గారు నవ్వలేదు. "నా భయమూ అదే" అన్నారు.

మిత్రులారా, ఆ మధ్య నాంపల్లి స్టేషన్‌లో దిగిన ఐసుపెట్టె మన గేటు దగ్గరికి వచ్చింది. లోపల పగడాలని విని, ఉంగరాల్లో పొదిగేవేమోనని మన కాపలాదారు బాలమల్లు గారు మూత తెరిచారు. "పగడాలంటిరి, గిది బోటి లెక్కుందేంది సార్?" అన్నారు. వాసన భరించలేక పెట్టె మీద ఫినాయిల్ కుమ్మరించారు. ఉద్దేశం మంచిదే.

ఆ పగడాల సారంలో తడిపిన కాగితపు బిళ్లను బాక్టీరియా పెంచిన పళ్లెంలో పెడితే, చుట్టూ బాక్టీరియా చచ్చి గుండ్రటి ఖాళీ తేలింది. మనం మిఠాయిలు పంచుకున్నాం. ఆయన ముట్టారా? ముట్టలేదు. "చంపింది పగడమా, మన గేటు ఫినాయిలా?" అన్నారు. కొత్త పెట్టె తెప్పించారు. పరీక్ష మొదలుపెట్టకముందే వెళ్లిపోయారు. ఇప్పుడా పరీక్ష ఆయనతో పనిచేసిన పరిశోధకురాలు ఉజ్వల గారు చేస్తున్నారు.

అయ్యలారా, అమ్మలారా, నా వెనుక ఫ్లెక్సీ చదవండి. "మొండి బాక్టీరియాను జయించిన మహనీయుడు" అని ఉంది. ఎవరు జయించారు? ఎప్పుడు? యాజమాన్యం పిలిచిన విలేకరులు పక్క గదిలో టీ తాగుతున్నారు. ఈ ఫ్లెక్సీ చూసి ఉదయం ఫ్లోరా గారు నాతో ఒక్క మాటన్నారు: "బతికినన్నాళ్లు ఆయన అబద్ధమాడలే. ఇప్పుడు ఆయన పేరు మీద మీరు ఆడకుండ్రి."

అందుకు నా దగ్గర ఒక విధానం ఉంది.

దయచేసి అందరూ లేచి నిలబడండి. మౌనం పాటిద్దాం. పక్క గది మీదుగా బయటికి వెళ్లేటప్పుడు, విలేకరులు ఏమడిగినా కూడా పాటిద్దాం. ఈ మౌనం ముగిసిందని ప్రకటించే అధికారం నాకు లేదు, యాజమాన్యానికీ లేదు. పరీక్ష పూర్తయ్యాక ఉజ్వల గారు ప్రకటిస్తారు.