గడప దాటని రీడింగులు

1990 ఆగస్టు 6వ తేదీన మన మీటర్ల పరీక్షశాలలో సహాయకురాలిగా చేరి, కాలక్రమంలో మనందరి నోట ఆప్యాయంగా ‘మీటరమ్మ’గా స్థిరపడిన మా విభాగాధికారిణి, ముప్పై అయిదేళ్ల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి పదేళ్లూ మొరాయించిన మీటర్లను విప్పి సరిచేయడంలోనే గడిచాయి. ఆ తర్వాత, ఇంటి మొత్తం వాడకం తెలిస్తే చాలదనీ, ఫ్రిజ్ ఎంత, గీజరు ఎంత, ఇస్త్రీ పెట్టె ఎంత కరెంటు తాగుతున్నాయో విడివిడిగా తెలిస్తేనే గృహస్థులు పొదుపు చేయగలరనీ వాదించి, నలభై ఇళ్లలో ఒక్కో పరికరానికి ఒక్కో చిన్న మీటరు అమర్చే ప్రయోగానికి వారు అనుమతి సాధించారు. మొదటివి సొంత వంటింట్లోనే పెట్టారు. “కెటిల్లో నీళ్లు రెండోసారి కాచుకున్నా మా ఆవిడ ఆఫీసులో కూర్చునే పట్టేస్తుంది” అని వారి భర్తగారు ఇప్పటికీ వాపోతుంటారు.

ప్రయోగం మొదలైన రెండో ఏట జరిగిన ఒక సంఘటనను, అందులో తప్పు నాదే అయినా, చెప్పక తప్పదు. ఒక ఇంట్లో ఇస్త్రీ పెట్టె రోజుకు ఏడు గంటలు నడుస్తున్నదని గమనించి, అది ఇంటి కనెక్షన్ మీద నడిపే వ్యాపారమేనని తేల్చి, తనిఖీ విభాగానికి తెలపాలని నివేదిక రాసినవాణ్ణి నేనే. నాకు కనిపించేవి ఇంటి నంబరూ రీడింగులే; చిరునామాలు మీటరమ్మగారి దగ్గరే ఉండేవి కనుక పై అధికారి ఆ ఇంటి చిరునామా వారిని అడిగారు. మీటరమ్మగారు ఆయనకు బదులివ్వకుండా నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లారు.

ముందుగదిలో మంచం మీద నడుము దెబ్బతిన్న భర్త. ఆయన కాళ్ల దగ్గర నుంచి గోడ దాకా ఇరుగుపొరుగువారి బట్టల దొంతరలు. మమ్మల్ని చూడగానే ఇస్త్రీ చేస్తున్న ఆ ఇల్లాలి చేయి ఆగిపోయింది.

“కరెంటు తీసేస్తారా అమ్మా?”

“లేదమ్మా. పల్చటి బట్టలు ముందు చెయ్యి, మందపువి తర్వాత. పల్చటివాటిలో నాలుగు మాత్రం చివరికి ఆపి ఉంచుకో. స్విచ్చి కట్టేశాక ఆ మిగిలిన వేడితో అవైపోతాయి.”

మరుసటి నెల ఆ ఇంటి వాడకం పావు వంతు తగ్గింది.

ఆ రోజు తిరిగి వస్తూ, “రూలు ప్రకారం చెప్పాలి కదండీ” అన్నాను.

“కరెంటు ఎలా తగ్గించుకోవాలో చెబుతామని వాళ్లింట్లోకి వెళ్లాం బాబూ. లోపల చూసింది బయట చెప్పేస్తే రేపు మనకి తలుపు తీసేదెవరు?”

చిరునామా ఇవ్వనని వారు రాతపూర్వకంగా తెలియజేశారు. ఫలితంగా చేతికందిన పదోన్నతి జారిపోయింది. రెండేళ్లు సామగ్రి గిడ్డంగికి బదిలీ. తిరిగి వచ్చాక, ఇంటివారి అనుమతి లేనిదే వారి రీడింగులు ఎవరికీ ఇవ్వరాదన్న నిబంధన కోసం పట్టుబట్టి సాధించారు. దాని ముసాయిదా నాచేతే రాయించారు. నా పాత నివేదిక ఊసు మాత్రం ఈనాటి వరకూ ఎత్తలేదు.

అమ్మా, ఆనాడు చెప్పవలసిన క్షమాపణను ఇన్నేళ్లకు, మీ కుటుంబసభ్యుల సమక్షంలో చెప్పుకుంటున్నాను. మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మీవారి తోడుతో, పిల్లాపాపల మధ్య నిండు నూరేళ్లు హాయిగా ఉండాలని మేమంతా మనసారా కోరుకుంటున్నాము.